హైదరాబాదు నుంచి కరాచీకి: ఆసిఫ్ ఇక్బాల్ క్రికెట్ ప్రస్థానం

పాకిస్తాన్ టెస్ట్ జట్టుకు నాయకత్వం వహించినవారిలో తెలుగు నేలతో గాఢమైన సంబంధం ఉన్నవాడు ఆసిఫ్ ఇక్బాల్ రజ్వీ. 1943 జూన్ 6న హైదరాబాదులో పుట్టి, అక్కడే ఆట నేర్చి, ఆ నగరం పేరు మీద రంజీ ట్రోఫీ ఆడి, 1961లో కరాచీకి వలసవెళ్లిన ఈ ఆటగాడి చరిత్రను పాకిస్తాన్ క్రికెట్ గ్రంథాలు సహజంగానే కరాచీ నుంచి మొదలుపెడతాయి. హైదరాబాదు క్రికెట్ చరిత్ర రాసేవారు ఆయనను వదిలిపెట్టడం మాత్రం సమంజసం కాదు, ఎందుకంటే ఆయన ఆటకు పునాది పడింది ఇక్కడే.

ఆ పునాదిని అర్థం చేసుకోవాలంటే రంజీ ట్రోఫీ వ్యవస్థను కొంత తెలుసుకోవాలి. 1934-35లో మొదలైన ఈ దేశవాళీ పోటీలో హైదరాబాదు, ఆంధ్ర రెండు వేర్వేరు జట్లు; 1956లో రాష్ట్రాలు ఒకటైనా జట్లు ఒకటి కాలేదు. హైదరాబాదు జట్టు నిజాం పాలనాకాలపు సంప్రదాయంలోంచి వచ్చింది. 1930-31లో మొయినుద్దౌలా గోల్డ్ కప్ పోటీలు ప్రారంభం కావడంతో దేశంలోని మేటి ఆటగాళ్లు ఆ నగరానికి రావడం మొదలైంది. 1937-38లో ఫైనల్లో నవానగర్‌ను ఒక్క వికెట్ తేడాతో ఓడించి హైదరాబాదు రంజీ ట్రోఫీని గెలుచుకుంది. ఆసిఫ్ ఇంటి వాతావరణం కూడా ఈ సంప్రదాయంలో భాగమే. భారత జట్టుకు 22 టెస్టులు ఆడి 68 వికెట్లు తీసిన ఆఫ్‌స్పిన్నర్ గులాం అహ్మద్ ఆయనకు దగ్గరి బంధువు, ముందు తరంవాడు. 1955 నవంబరులో ఫతేమైదాన్‌లో న్యూజీలాండ్‌తో హైదరాబాదు తన తొలి టెస్టుకు ఆతిథ్యమిచ్చినప్పుడు భారత జట్టు నాయకుడు గులాం అహ్మదే. అప్పటికి ఆసిఫ్‌కు పన్నెండేళ్లు.

1959-60లో, పదహారేళ్ల వయసులో ఆసిఫ్ హైదరాబాదు తరఫున ఆడడం మొదలుపెట్టాడు. అప్పట్లో ఆయన ప్రధానంగా మీడియం పేస్ బౌలర్. రెండేళ్లలోనే వలస వచ్చింది. దేశ విభజన తర్వాత ఇలా రెండు దేశాల క్రికెట్‌తోనూ ముడిపడినవారు మరికొందరున్నారు. హైదరాబాదుకు కూడా రంజీ ఆడిన గుల్ మహమ్మద్ మొదట భారత్‌కు, ఆ తర్వాత పాకిస్తాన్‌కు టెస్టులు ఆడాడు. అయితే గుల్ మహమ్మద్ వెళ్లేనాటికే పేరుపొందిన ఆటగాడు కాగా, ఆసిఫ్ పద్దెనిమిదేళ్ల వయసులో, ఇంకా ఏమవుతాడో తేలని దశలో వెళ్లాడు.

1964 అక్టోబరులో కరాచీలో ఆస్ట్రేలియాతో జరిగిన టెస్టులో పాకిస్తాన్ ఒకేసారి ఆరుగురు కొత్తవారిని బరిలోకి దించగా, వారిలో ఆసిఫ్ ఒకడు. ఆయన పని బౌలింగ్ ప్రారంభించడం, బ్యాటింగ్‌లో పదో స్థానంలో రావడం; అంటే బ్యాటుతో ఆయన నుంచి జట్టు పెద్దగా ఆశించింది లేదు. బౌలర్‌గా ప్రవేశించి బ్యాట్స్‌మన్‌గా స్థిరపడిన ఈ పరిణామమే ఆయన ఆటను అర్థం చేసుకోవడానికి అసలైన తాళంచెవి. వికెట్లన్నీ కూలిపోయాక క్రీజులోకి వచ్చి, అవతలి ఎండ్‌లో ఉన్న బౌలర్‌ను కాపాడుకుంటూ, దొరికిన ప్రతి బంతికీ పరుగు తీయవలసిన అవసరం ఆయన స్వభావంగా మారింది.

1967 ఇంగ్లండ్ పర్యటన ఈ స్వభావాన్ని ప్రపంచానికి చూపింది. లార్డ్స్ టెస్టులో హనీఫ్ మహమ్మద్ 187 పరుగులతో అజేయంగా నిలిచినప్పుడు ఎనిమిదో వికెట్‌కు ఆయనతో కలిసి 130 పరుగులు జోడించినవాడు ఆసిఫ్. అంతకు మించినది ఆగస్టులో ఓవల్ మైదానంలో జరిగింది. మొదటి ఇన్నింగ్స్‌లో 224 పరుగులు వెనుకబడిన పాకిస్తాన్, రెండో ఇన్నింగ్స్‌లో 65 పరుగులకే ఎనిమిది వికెట్లు కోల్పోయింది. ఆట తొందరగా ముగిసేలా ఉండడంతో, వచ్చిన జనం కోసం ఇరవై ఓవర్ల ప్రదర్శన మ్యాచ్ పెట్టాలన్న మాట కూడా వినిపించింది. తొమ్మిదో స్థానంలో వచ్చిన ఆసిఫ్ 146 పరుగులు, ఆయనకు తోడు నిలిచిన ఇంతిఖాబ్ ఆలమ్ 51 పరుగులు చేసి, తొమ్మిదో వికెట్‌కు 190 పరుగులు జతచేశారు. శతకం పూర్తికాగానే అభిమానులు మైదానంలోకి దూసుకొచ్చి ఆయనను భుజాలమీదికి ఎత్తుకున్నారు. పాకిస్తాన్ ఎనిమిది వికెట్ల తేడాతో ఓడిపోయినా, ఆ భాగస్వామ్యం టెస్టుల్లో తొమ్మిదో వికెట్‌కు ప్రపంచ రికార్డుగా 1998 దాకా నిలిచింది. మరుసటి ఏడాది విజ్డెన్ వార్షిక గ్రంథం ఎంపికచేసిన ఐదుగురు ఉత్తమ క్రికెటర్లలో ఆసిఫ్‌తో పాటు పటౌడీ నవాబు కూడా ఉన్నాడు. ఆ పటౌడీ అప్పటికే హైదరాబాదు తరఫున రంజీ ఆడుతున్నాడన్నది గమనించదగ్గ విషయం.

1968 నుంచి 1982 వరకు ఆసిఫ్ కెంట్ తరఫున ఇంగ్లండ్ కౌంటీ క్రికెట్ ఆడాడు. జిల్లాల స్థాయి జట్ల మధ్య జరిగే ఆ వృత్తి క్రికెట్‌లో 1977లో ఆయన నాయకత్వాన కెంట్, మిడిల్‌సెక్స్‌తో కలిసి ఛాంపియన్‌షిప్‌ను పంచుకుంది. 1973లో డునెడిన్‌లో న్యూజీలాండ్‌పై చేసిన 175 ఆయన అత్యధిక టెస్టు స్కోరు. ముస్తాక్ మహమ్మద్‌తో నాలుగో వికెట్‌కు 350 పరుగులు ఆ ఇన్నింగ్స్‌లోనే వచ్చాయి. ఓవల్‌ను గుర్తుచేసేది 1976 డిసెంబరులో అడిలైడ్‌లో ఆడిన ఇన్నింగ్స్: చివరి వికెట్‌కు ఇక్బాల్ ఖాసిమ్‌తో కలిసి జోడించిన 87 పరుగుల్లో ఖాసిమ్ చేసినవి నాలుగే. అజేయంగా 152 పరుగులు చేసిన ఆసిఫ్, దాదాపు ప్రతి ఓవర్‌లోనూ స్ట్రైక్‌ను తన దగ్గరే ఉంచుకుంటే తప్ప ఆ లెక్క కుదరదు.

ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆలోచింపజేసేది ఒక కాలవ్యవధి. భారత్, పాకిస్తాన్‌ల మధ్య టెస్టు సిరీస్ 1961 ఫిబ్రవరిలో ముగిశాక, యుద్ధాల కారణంగా మళ్లీ 1978 అక్టోబరు వరకు జరగలేదు. ఆసిఫ్ సరిహద్దు దాటిన ఏడాదే ఆట ఆగింది. మళ్లీ మొదలయ్యేనాటికి ఆయనకు ముప్పయ్యయిదేళ్లు. పుట్టిన దేశంపై ఆడే అవకాశం కోసం ఆయన తన టెస్టు జీవితంలో అత్యధిక భాగం వేచి ఉండవలసివచ్చింది. 1978 సిరీస్‌లో, ఫైసలాబాద్‌లో ఆయన శతకం చేశాడు. కరాచీ టెస్టులో చివరిరోజు సుమారు వంద నిమిషాల్లో 164 పరుగులు చేయవలసి వచ్చినప్పుడు, ఓపెనర్‌గా వచ్చిన ఆసిఫ్ 44 పరుగులు చేస్తూ, జావేద్ మియాందాద్‌తో కలిసి వికెట్ల మధ్య పరుగెత్తిన తీరు భారత ఫీల్డర్లను కకావికలు చేసింది. కొద్ది దూరం తట్టి వదిలిన బంతికి ఒక పరుగు, ఒక పరుగు ఉన్నచోట రెండు తీసి, ఫీల్డర్ల విసుర్లలో తడబాటు పెంచిన ఆ నైపుణ్యమే ఆయన ఆటకు సిసలైన ముద్ర.

1975, 1979 ప్రపంచకప్‌లలో పాకిస్తాన్‌కు నాయకుడైన ఆసిఫ్, 1979-80లో అదే హోదాలో భారతదేశానికి వచ్చాడు. ఆరు టెస్టులు బెంగళూరు, ఢిల్లీ, బొంబాయి, కాన్పూర్, మద్రాసు, కలకత్తాలలో జరిగాయి గాని, నాయకుడు పుట్టిన ఊరికి ఒక్కటీ రాలేదు. భారత్ 2-0తో సిరీస్ గెలుచుకుంది. కలకత్తాలో, భారత్ కంటే 59 పరుగులు వెనుకబడి ఉండగానే ఆసిఫ్ ఇన్నింగ్స్‌ను డిక్లేర్ చేశాడు. వికెట్లు చేతిలో ఉన్నా బ్యాటింగ్‌ను ముగించినట్టు ప్రకటించడమే డిక్లేర్ చేయడం. ఫలితం కోసం చేసిన ఆ సాహసం డ్రాగానే ముగిసింది. అదే ఆయనకు చివరి టెస్టు. 58 టెస్టుల్లో 3,575 పరుగులు, 11 శతకాలు, 53 వికెట్లు ఆయన ఖాతాలో మిగిలాయి. వికెట్ల మధ్య పరుగుకు పేరుపడ్డ ఆయన తన ఆఖరి ఇన్నింగ్స్‌లో రనౌటయ్యాడు. పరుగు పూర్తిచేయకముందే బంతి వికెట్లను తాకడంతో ఔటయ్యాడన్నమాట. ఈడెన్ గార్డెన్స్ ప్రేక్షకులు లేచి నిలబడి ఆయనకు వీడ్కోలు పలికారు.

ఆట మానేశాక ఆసిఫ్, వ్యాపారవేత్త అబ్దుల్ రహ్మాన్ బుఖాతిర్‌తో కలిసి షార్జాలో క్రికెట్‌కు వేదిక ఏర్పరచడంలో ప్రధానపాత్ర వహించాడు. రెండు దేశాల మాజీ ఆటగాళ్లకు ఆర్థిక సహాయం అందించే నిధి కోసం అక్కడ పోటీలు జరిగాయి. స్వదేశాల్లో తలపడడం కష్టమైన జట్లు ఎడారి నేలపై తరచుగా కలుసుకున్నాయి. 1984 ఏప్రిల్‌లో మొదటి ఆసియా కప్ ఆ మైదానంలోనే జరిగింది, గెలిచింది భారత్.