పాతికేళ్ళ అతుకులు

మా నాయనకి లెక్కలంటే పిచ్చి. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. 2016లో ప్రొద్దుటూరులో మా మిద్దె మీద నాలుగు సోలార్ ప్యానెళ్ళు పెట్టించినప్పట్నించీ, రోజూ సాయంత్రం మీటరు చూసి ఎన్ని యూనిట్లు వచ్చాయో నోటుబుక్కులో రాసుకుంటాడు. 2023 ఎండాకాలంలో ఒక శనివారం పొద్దున నేనిక్కడ న్యూజెర్సీలో కాఫీ పెట్టుకుంటుంటే ఫోను.

"ఏమిరా, రోజుకు 4.4 వచ్చేది 4 దగ్గరే నిలబడింది. ఎండ చూస్తే మండిపోతాంది. ప్యానెళ్ళు కడిగించినా అంతే. పాతికేళ్ళు గ్యారంటీ అన్నారు కదా, ఏడేళ్ళకే ఇట్లయితే ఎట్ల?"

అమ్మినవాళ్ళ నంబరు పలకడం లేదట. "నువ్వు ఇంజనీరువి కదా, చెప్పు" అన్నాడు. మనవాళ్ళ దృష్టిలో కంప్యూటరుకీ సోలారుకీ పెద్ద తేడా లేదు, రెండిట్లోనూ తీగలుంటాయి! నాకేం తెలీదని చెప్పడానికి మొహం చెల్లక చదవడం మొదలుపెట్టాను. మూడు వారాంతాలు పోయాయి గానీ, ఆ "పాతికేళ్ళు" అన్న మాట వెనక ఎంత కథుందో తెలిసింది.

కథ టెలిఫోన్లతో మొదలవుతుంది. 1950ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డారిల్ చాపిన్ అనే ఇంజనీరుకి ఒక పని అప్పగించారు. ఉక్కపోత ప్రాంతాల్లో టెలిఫోన్లకి పెట్టే బ్యాటరీలు తొందరగా పాడైపోతున్నాయి, వేరే దారి చూడమని. ఆయన ముందు సెలీనియంతో ప్రయత్నించాడు. ఎండలో ఒక శాతం కూడా కరెంటుగా మారలేదు. అదే సంస్థలో జెరాల్డ్ పియర్సన్, కాల్విన్ ఫుల్లర్ సిలికాన్ మీద పనిచేస్తున్నారు. ముగ్గురూ కలిశారు. సిలికాన్‌లోకి మొదట ఎక్కించిన లిథియం ఒకచోట నిలవకుండా లోపలికి జరిగిపోయేది. దానికి తీగని సరిగ్గా అతికించడమూ కుదిరేది కాదు. చూశారా, అతుకు గొడవ పుట్టుకతోనే వచ్చింది! చివరికి ఆర్సెనిక్, బోరాన్ వాడి 6 శాతం సాధించి, 1954 ఏప్రిల్ 25న లోకానికి చూపించారు.

నాలుగేళ్ళకి, 1958 మార్చి 17న, అమెరికా వాంగార్డ్-1 అనే చిన్న ఉపగ్రహాన్ని పంపింది. అందులో ఒక ట్రాన్స్‌మిటర్‌కి మామూలు బ్యాటరీ, ఇంకోదానికి సోలార్ సెల్స్. బ్యాటరీది ఆ జూన్‌కే ఆగిపోయింది. సోలార్‌ది 1964 దాకా పలుకుతూనే ఉంది. ఉపగ్రహం మూగబోయినా ఇప్పటికీ తిరుగుతోంది.

కానీ ఆకాశంలో ధర ఎవరూ అడగరు. నేల మీద అడుగుతారు. పైగా ఇక్కడ వానా, దుమ్మూ, వడగళ్ళూ. 1970ల మొదట్లో ఎలియట్ బెర్మన్ బృందం వాటు ధరని 100 డాలర్ల నుంచి 20కి దింపింది. 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికా ప్రభుత్వం 1975లో పాసడీనాలోని జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌కి ఒక ప్రాజెక్టు ఇచ్చింది. వాటుకి అర డాలరు, 10 శాతం సామర్థ్యం, 20 ఏళ్ళ ఆయుష్షు అన్నది లక్ష్యం. ధర మాట ఎలా ఉన్నా, ఆ మూడోది నాకు ముఖ్యమనిపించింది.

వాళ్ళు చేసిన పని మన టెస్టింగ్ వాళ్ళకి బాగా నచ్చుతుంది. కంపెనీల దగ్గర ప్యానెళ్ళు కొనడం, కావాలని వేడిచేసి, చల్లార్చి, తడిపి, మంచు బంతులతో కొట్టి చూడడం, ఎక్కడ విరిగిందో చెప్పి, నిబంధనలు బిగించి మళ్ళీ కొనడం. బ్లాక్ 1 నుంచి బ్లాక్ 5 దాకా ఇలా విడతలుగా సాగింది.

విరిగిన చోట్లలో ఒకటి సెల్‌కీ సెల్‌కీ మధ్య ఉండే అతుకు. ఒక సెల్ ఇచ్చేది అర వోల్టుకి కాస్త పైన. అందుకని డజన్ల కొద్దీ సెల్స్‌ని రాగి పట్టీలతో వరసగా కలుపుతారు. పెళ్ళి పందిళ్ళలో పాత సీరియల్ లైట్లు గుర్తున్నాయా? ఒక్క బల్బు పోతే మొత్తం తీగ చీకటి. ఇదీ అంతే. వేడికి సిలికాన్ ఎంత సాగుతుందో రాగి దానికి ఆరు రెట్లు సాగుతుంది. పగలు సాగి, రాత్రి ముడుచుకుని, పట్టీ రోజూ కొంచెం వంగి లేస్తుంది. పాతికేళ్ళంటే తొమ్మిది వేల సార్లకు పైనే. కట్టుతీగని అటూ ఇటూ వంచితే ఏమవుతుందో మనకి తెలుసు.

దానికి మందు కూడా వాళ్ళే కనిపెట్టి పెట్టారు. పట్టీకి సెల్స్ మధ్య చిన్న వంపు ఇచ్చి సాగడానికి చోటు వదలడం, ఒక పట్టీ బదులు రెండు వేసి ఎక్కువ చోట్ల అతికించడం, సెల్స్‌ని ఈవీఏ అనే మెత్తటి ప్లాస్టిక్‌లో పొదగడం. ఒక వరస తెగినా కరెంటు పక్కదారిన పోయేలా బైపాస్ డయోడ్లు పెట్టడం. ఫలితం? 1993లో వచ్చిన ఒక లెక్క ప్రకారం, బ్లాక్ 5కి ముందటి ప్యానెళ్ళలో 45 శాతం బయట పాడయ్యాయి. తర్వాతవాటిలో 0.1 శాతం కన్నా తక్కువ! అదే ఏడాది వచ్చిన ఐఈసీ 61215 ప్రమాణంలో, మైనస్ 40 నుంచి 85 డిగ్రీల దాకా 200 సార్లు వేడి-చలి పరీక్ష ఉంటుంది.

సామర్థ్యమూ ఈ అతుకుల చుట్టూనే తిరుగుతుంది. పట్టీ వెడల్పైతే సెల్ మీద నీడ, సన్నమైతే అందులోనే కరెంటు వేడిగా పోతుంది. అందుకే ఒకప్పుడు రెండు మూడు వెడల్పు పట్టీలుండే చోట ఇప్పుడు పది పైన సన్నటి తీగలు. సెల్ పగిలినా ప్రతి ముక్కకీ ఏదో ఒక తీగ అంటుకుని ఉంటుంది. సెల్‌ని సగానికి కోస్తే కరెంటు సగమై, తీగల్లో నష్టం నాలుగో వంతుకి దిగుతుంది.

మన దేశంలో 1977లో సాహిబాబాద్‌లోని సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు మొదటి సోలార్ సెల్ చేశారు. నలభై ఏళ్ళకి, 2017లో, మా పక్కనే కర్నూలు జిల్లాలో వెయ్యి మెగావాట్ల పార్కు నడవడం మొదలైంది. అందులో ఎన్ని కోట్ల అతుకులుంటాయో మా నాయనే లెక్కకట్టాలి.

సరే, మా మిద్దె సంగతి. ఎలక్ట్రీషియన్ చేత ఒక్కో ప్యానెల్‌నీ విడిగా మీటరుతో చూపించాను. మూడు 34 వోల్టులు, ఒకటి 23. మూడింట ఒక వంతు మాయం! ఒక్కో ప్యానెల్లో 60 సెల్స్, ఇరవయ్యేసి చొప్పున మూడు వరసలు, వరసకో డయోడు. అంటే ఒక వరస ఎక్కడో తెగింది, డయోడు మిగతా రెంటినీ కాపాడుతోంది. గాజు లోపల తెగితే ఎవరూ చెయ్యగలిగేది లేదు. వెనకున్న చిన్న డబ్బాలో అయితే ఆశ ఉంది.

పొద్దు గూకి ప్యానెళ్ళు చల్లబడ్డాక, మా వీధి టీవీ మెకానిక్కు టార్చి లైటుతో డబ్బా మూత తీశాడు. చివరి పట్టీ దగ్గర సీసం వెంట్రుకవాసి పగిలి ఉంది. పది నిమిషాల పని. మర్నాడు 4.4 వచ్చిందని నాయన ఫోటో తీసి పంపాడు.

ఇంటి దగ్గర ప్యానెళ్ళు పెట్టించేవాళ్ళకి ఒక మాట. ఆ పాతికేళ్ళ గ్యారంటీ సాధారణంగా కరెంటు ఎంత తగ్గొచ్చన్నదానికే. తయారీ లోపాలకి, అంటే అతుకులకి, చాలాసార్లు పది పన్నెండేళ్ళే. అమ్మినవాడి నంబరు ఒక్కటే కాదు, తయారుచేసినవాళ్ళ పేరూ ప్యానెల్ వెనకున్న సీరియల్ నంబరూ రాసి పెట్టుకోండి. మేం రాసుకోలేదు.

"అయితే ఇంకో పద్దెనిమిదేళ్ళు ఢోకా లేదంటావా?" అన్నాడు నాయన. ఆయనకి డెబ్భై ఎనిమిది. లేదన్నాను. "నోటుబుక్కు ఇంకోటి కొనుక్కోవాల" అని ఫోను పెట్టేశాడు.