సిబిల్ స్కోర్‌కి ముత్తాత ఎవరో తెలుసా?

మన వీధి కిరాణా కొట్టాయన ఖాతా రాస్తాడంటే, మన ఇల్లూ మన నాన్నా ఆయనకి తెలుసు కాబట్టి. మరి వందల మైళ్ళ దూరంలో ఉన్న కస్టమర్‌కి అరువు ఎలా ఇవ్వాలి?

న్యూయార్క్ పట్టు వ్యాపారి ఆర్థర్ టాపన్‌కి ఈ చిక్కే వచ్చింది. ఎక్కడెక్కడి దుకాణదారులకో అరువు మీద సరుకు ఇచ్చాడు. 1837 సంక్షోభంలో బాకీలు వసూలు కాలేదు. కంపెనీ చెల్లింపులు ఆపేసింది. అప్పటికి అది కట్టాల్సింది 10 లక్షల డాలర్ల పైమాటే.

అక్కడ అరువు లెక్కలు చూసిన తమ్ముడు లూయిస్, 1841లో మర్కంటైల్ ఏజెన్సీ పెట్టాడు. ఊరూరా లాయర్లు అక్కడి వ్యాపారుల మీద రిపోర్టులు పంపేవాళ్ళు. ఆస్తి ఎంత, టైమ్‌కి కడతాడా, తాగుతాడా... అన్నీ. వాటిని లావుపాటి పుస్తకాల్లోకి ఎక్కించేవాళ్ళు. చందా కట్టిన వ్యాపారి వస్తే గుమాస్తా చదివి వినిపించేవాడు.

లాయర్‌కి ఏం లాభం? ఆ ఊళ్ళో మొండి బాకీల వసూలు కేసులు అతనికే వచ్చేవి. అంటే అరువు ఇవ్వొచ్చో లేదో చెప్పేదీ, ఎగ్గొడితే వసూలుకి వచ్చేదీ ఒకడే! పాపం, తన గురించి ఏం రాశారో ఆ దుకాణదారుడికి మాత్రం తెలీదు.

ఆ ఏజెన్సీయే తర్వాత డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ అయింది. 2000లో పుట్టిన మన సిబిల్ తొలినాళ్ళ వాటాదారుల్లో అదీ ఉంది.

మనం మాత్రం మన రిపోర్ట్ ఏడాదికోసారి ఫ్రీగా చూడొచ్చు, తప్పుంటే సరిచేయమని అడగొచ్చు. లోన్‌కి వెళ్ళేముందే చూసుకోండి.