జీవో ఉన్న జీతం, జీవో లేని కూలి

మా అటక మీద ఒక కాగితాల కట్ట ఉంది. 1990ల మొదట్లో విస్సన్నపేట కంట్రిబ్యూటర్‌గా చేరినప్పటి నుంచి నేను రాసిన వార్తల ముక్కలవి. 1989లో ‘ఈనాడు’ జిల్లాకొక చిన్న పత్రిక తెచ్చాక మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. దాంతో మండలానికొక మనిషి కావలసివచ్చాడు. వార్త రాసి, కవర్లో పెట్టి, సాయంత్రం విజయవాడ బస్సు కండక్టర్ చేతికిచ్చేవాణ్ణి. అచ్చయినవాటిని నెలాఖరుకి కత్తిరించి, తెల్లకాగితాల మీద అన్నం మెతుకులతో అతికించి, స్కేలు పెట్టి కొలిచి పంపితే ఆ కొలతను బట్టి డబ్బులొచ్చేవి. అచ్చు కాని వార్తకు బస్టాండుకు నడిచిన నడక కూడా దక్కేది కాదు.

మొన్న ఆ కట్ట దించి, జీతాల మీద వచ్చిన వార్తలన్నీ ఏరాను. ప్రభుత్వోద్యోగుల మీద గుట్టెడున్నాయి. డీఏ పెరిగిందని, పంతుళ్లు ఆలస్యంగా వస్తున్నారని, సంఘాలు ధర్నా చేశాయని. ప్రైవేటు జీతం మీద ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు.

ఈ తేడా నాతో మొదలైంది కాదు. 1986లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగా ఎన్జీవోలు (నాన్-గెజిటెడ్ ఉద్యోగులు) 53 రోజులు సమ్మె చేశారు. అప్పుడు నేను నూజివీడులో చదువుకుంటున్నాను. టీకొట్టు దగ్గర ఒకాయన పేపరు పైకి చదివేవాడు, మిగతావాళ్లం వినేవాళ్లం. వాళ్లకెంత వస్తుంది, ఇంకెంత అడుగుతున్నారన్నది ఊరంతటికీ కంఠతా వచ్చింది. ఆ టీకొట్టులో గ్లాసులు కడిగే కుర్రాడికి ఎంతిస్తున్నారో అక్కడ కూర్చున్న మాకెవరికీ తెలియదు.

ఉద్యోగుల జీతాలు సవరించే పీఆర్సీ వచ్చిన ప్రతిసారీ పత్రికల్లో ఒక మాట తప్పకుండా పడుతుంది: ‘ఖజానాపై భారం’. 2010లో ఫిట్‌మెంట్ 39 శాతం, 2015లో 43 శాతం. 2022 జనవరి 7న ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతమన్నారు. అప్పటికే 27 శాతం మధ్యంతర భృతి అందుకుంటున్నవాళ్లకు అది పెంపు ఎలా అవుతుంది? 2018 జూలై నుంచి రావలసిన సవరణ అది. పైగా ఇంటి అద్దె భత్యం కూడా తగ్గించారు. అందుకే ఫిబ్రవరి 3న ‘చలో విజయవాడ’ అంటే వేలమంది కదిలారు. వార్తల్లో మాత్రం ఏటా 10,247 కోట్ల అదనపు భారమన్న అంకె ముందు నిలబడింది. దాన్ని ఉద్యోగుల సంఖ్యతో భాగించి తలకెంతో చెప్పిన వార్త నా కంటపడలేదు. కోట్లలో చెబితే చదివేవాడి గుండె గుభేలుమంటుంది. పంచి చెబితే అదొక ఇంటి నెల ఖర్చని తెలుస్తుంది.

ప్రైవేటు జీతం వార్త కావాలంటే కోటి రూపాయల ప్యాకేజీ అయినా కావాలి, లేదా ప్రభుత్వం చెయ్యయినా పడాలి. కరోనాకి బడులు మూతపడి ప్రైవేటు టీచర్ల జీతాలు ఆగిపోయాయి. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. అప్పుడు గానీ ఆ జీతాలు పెద్ద అక్షరాల్లో కనబడలేదు.

రాసేవాళ్ల జీతాల సంగతీ అంతే. జర్నలిస్టులకు 1955లోనే చట్టం వచ్చింది. పాలేకర్, బచావత్, మణిసానా, మజీఠియా అని వరసగా వేజ్‌బోర్డులు వేశారు. మజీఠియా మీద యాజమాన్యాలు సుప్రీంకోర్టుకు వెళ్లి 2014 ఫిబ్రవరి 7న ఓడిపోయాయి. ఆ మర్నాడు నేను చదివే పేపర్లో ఆ తీర్పు కోసం వెతుక్కోవలసి వచ్చింది. సెంటీమీటర్ల లెక్కన బతికే మాకు ఆ బోర్డుల్లో దేనివల్లా పైసా పెరగలేదు.

నేనూ తప్పు చేశాను. మా జిల్లాకు 2008లో ఉపాధి హామీ పథకం వచ్చాక ‘కూలీల కొరతతో మామిడి రైతు విలవిల’ అని రాశాను. ఎంత కూలి ఇస్తే రావడం లేదో ఒక్క వాక్యమైనా రాయలేదు. చిక్కం కట్టిన గెడతో రోజంతా కాయ దింపేవాళ్లను, సొన కారి మణికట్ల దాకా పొక్కిన చేతులతో రసాలను, బంగినపల్లిని వేరు చేసే ఆడవాళ్లను నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

ఒకసారి మాత్రం అడిగాను. గుత్తకిచ్చిన తోటలో కాపలా ఉన్న పెద్దాయనను, “నెలకెంత బాబాయ్?” అని.

“నెలకంటూ లేదు బాబూ. కాపయ్యాక ఇస్తాడు” అని గుడిసె తలుపు మూసి వెనకవైపు చూపించాడు. చెక్క మీద బొగ్గు గీతలు. పొట్టి గీత యాభై, పొడుగు గీత వంద. గుత్తదారు దగ్గర వాడుకున్న డబ్బంతా అక్కడ లెక్క కట్టి ఉంది.

ఆ రాత్రే రాసి పంపాను. డెస్కు నుంచి ఫోనొచ్చింది: “కాగితం ఏదైనా ఉందా? జీవో, రసీదు, ఏదో ఒకటి?” తలుపుందన్నాను. ఆ వార్త రాలేదు. గాలివానకు మామిడి రైతు నష్టం మీద పంపిన వార్త మాత్రం అదే రోజు మూడు కాలాల్లో వచ్చింది.

మరుసటేడు గుత్తదారు మారాడు, కాపలా మనిషీ మారాడు. కొత్తగా వచ్చినవాళ్లు గుడిసె మళ్లీ కప్పుకుంటూ ఆ పాత తలుపును పొయ్యిలో పెట్టారు.