ఓటమి యెఱుగని జట్లు



పండ్లగంప నెత్తని చేయి మన నూజివీడు సీమలో అరుదు. అట్టి పండ్లగంప నుండియే ఒక ఆట పుట్టిన దనిన మీకు వింతగా తోపవచ్చును. 1891వ సంవత్సరము డిసెంబరు నెలలో, అమెరికా దేశమున స్ప్రింగ్‌ఫీల్డ్ అను పట్టణమున, జేమ్స్ నెయిస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు చలికాలమున తన శిష్యులు గోడల నడుమ ఆడుకొనదగిన ఆట నొకదానిని కల్పింప బూనెను. పీచ్ పండ్ల గంపలు రెండు తెప్పించి, గదికి ఈ కొన నొకటియు ఆ కొన నొకటియు, పదేసి అడుగుల యెత్తున కొట్టించెను. బంతిని ఎదుటివారి గంపలో వేయుటయే ఆట. మొదట గంపలకు అడుగు తీయలేదు. బంతి పడినపుడెల్ల ఎవరో యొకరు పైకెక్కి దానిని తీయవలసి వచ్చెడిది. అదియే నేటి బాస్కెట్ బాల్.

నేను ఆటగాడను కాను. ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు తెలుగును, కొంత సంస్కృతమును చెప్పి విశ్రాంతి గొన్నవాడను. ఐనను ఆటల వార్తలు చదువునపుడు ఒక మాట నన్ను నిలిపివేయును. ఫలానా జట్టు అపరాజితము అని వ్రాయుదురు. విజయదశమినాడు జమ్మిచెట్టు కడ మనము కొలుచు దేవి పేరు అపరాజిత. ఆ పేరు మనుష్యులకు ఎప్పుడు చెల్లును? ఎవరి వలన చెల్లును? ఈ ప్రశ్నకు చరిత్ర యిచ్చు సమాధానమును నేడు మీకు మనవి చేసెదను.

ముందుగా పోటీల తీరు తెలియవలెను. అమెరికాలో కొన్ని కళాశాలలు కూడి కాన్ఫరెన్సు అను మండలిగా ఏర్పడును. మండలిలోని జట్లు చలికాలమంతయు తమలో తాము మార్చి మార్చి ఆడును. అందు ఒకనాడు ఓడినను మఱునాడు బరిలో దిగవచ్చును. ఆపైన దేశమంతటికి నొక పోటీ జరుగును. అందు ఒక్కసారి ఓడినచో ఇక ఇంటి దారియే. మొదటిది ఓర్పునకు పరీక్ష. రెండవది ఆనాటి నిబ్బరమునకు పరీక్ష. రెంటను ఓటమి లేక నిలుచుట మిక్కిలి కష్టము. 1976లో ఇండియానా విశ్వవిద్యాలయపు జట్టు మండలిలో 18 ఆటలు, అన్నియు కలిపి 32 ఆటలు ఆడి, ఒక్కటియు ఓడక దేశ విజేత అయ్యెను. 2015లో కెంటకీ జట్టు వరుసగా 38 ఆటలు గెలిచియు, తుదిపోటీకి ముందటి మెట్టున విస్కాన్సిన్ జట్టు చేతిలో ఓడెను. ముప్పదియెనిమిది గెలుపులును ఆ యొక్క ఓటమిని ఆపలేకపోయెను.

ఈ ఆటలో అపరాజిత శబ్దమునకు పేరెన్నిక గన్నది లాస్ ఏంజిలిస్ నగరపు విశ్వవిద్యాలయము. 1964, 1967, 1972, 1973 సంవత్సరములలో నాలుగు మారులు ఆ జట్టు ఏడాదికి ముప్పదేసి ఆటలు ఆడి ఒక్కటియు ఓడలేదు. 1971 నుండి 1974 జనవరి వఱకు వరుసగా 88 ఆటలు గెలిచెను. దానికి శిక్షకుడు జాన్ వుడెన్. ఆయన తొలుత ఉన్నత పాఠశాలలో ఆంగ్లము బోధించిన పంతులు. ఏటేట కొత్త యాటగాండ్రు చేరగానే ఆయన చెప్పు మొదటి పాఠమేమో తెలియునా? మేజోడు ముడుత పడకుండ తొడుగుకొనుట! ముడుత పడిన కాలు బొబ్బలెక్కును, బొబ్బలెక్కినవాడు ఆడలేడు. ఓనమాలు దిద్దించిన మాబోటివారికి ఈ మాటలోని సారము వెంటనే తెలియును.

దూరదేశపు కథ యిట్లుండ, మన తెలుగునాటను ఇట్టి జట్టు ఒకటి యుండెను. అది హైదరాబాదు సిటీ పోలీసు వారి ఫుట్ బాల్ జట్టు. బొంబాయిలో జరుగుచుండిన రోవర్స్ కప్పు ఆనాడు దేశములోని పెద్ద పోటీలలో నొకటి. అది ఓడినవానిని ఇంటికి పంపు తీరు పోటీ. 1950, 1951, 1952, 1953, 1954 సంవత్సరములలో వరుసగా ఐదేండ్లు ఆ కప్పును హైదరాబాదు పోలీసులే గెలిచిరి. 1950లోనే డ్యూరాండ్ కప్పు తుదిపోటీలో కలకత్తా మోహన్ బగాన్ వారిని ఓడించి దానిని గూడ తెచ్చిరి.

మామిడితోట గలవారికి ఈ ఐదేండ్ల విలువ నేను వేఱుగ చెప్పనక్కఱలేదు. చెట్టు ఒక యేడు విరివిగా కాచిన మఱుసటి యేడు మొగము చాటు చేయును. ఏటేట తప్పక కాచు చెట్టున్న యెడల దాని వెనుక తోటమాలి యెవరని అడుగుదుము గదా! ఈ జట్టు వెనుక నున్న తోటమాలి సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు గారు. వారును ఉపాధ్యాయులే. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, హైదరాబాదు పాఠశాలలలో పనిచేసి, వ్యాయామ విద్యలో శిక్షణ పొందినవారు. వారు పిల్లలకు వింత పోటీలు పెట్టెడివారు. ఒకదానిలో బంతిని తనకడ నుంచుకొని పరుగెత్తరాదు. అందిన వెంటనే తోడివానికి అందింపవలెను. మఱియొకదానిలో వాటము లేని కాలితోనే తన్నవలెను. మొదటిది నేర్పునది పదిమందితో కలిసి మెలగుట. రెండవది తన కొఱతను తాను దిద్దుకొనుట.

రహీం సాహెబు గారు భారత జట్టునకును శిక్షకులైరి. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో భారతము ఇరానును ఓడించి స్వర్ణము గెలిచెను. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచెను. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల కథ ఇంకను గొప్పది. మొదటి యాటలోనే భారతము దక్షిణ కొరియా చేతిలో రెండు గోలులతో ఓడెను. అది మండలి పోటీ గనుక అవకాశము మిగిలెను. పిదప ఒక్కొక్క జట్టును దాటి, సెప్టెంబరు 4వ తేదీన తుదిపోటీలో అదే దక్షిణ కొరియాను 2-1 గోలులతో గెలిచెను. మన సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడ వాడైన తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఆడెను. అప్పటికే శిక్షకుని దేహమును పుట్టకురుపు తినివేయుచుండెను. 1963 జూన్ 11వ తేదీన వారు కీర్తిశేషులైరి.

ఇచ్చట రెండు ఉదాహరణములను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. కెంటకీ జట్టు ముప్పదియెనిమిది మారులు ఓడక, ఓడరాని నాడు ఓడెను. భారత జట్టు మొదటనే ఓడి, గెలువవలసిన నాడు గెలిచెను. కావున ఓటమి లేమి విజయమునకు గుఱుతే కాని, విజయము కాదు. ఓడిన మఱునాడు జట్టును కూర్చుండబెట్టి తప్పెచట జరిగెనో చూపగల గురువు ఉండుటయే అసలు బలము.

ఆ బలము తొలగినపుడు ఏమగునో మన యితిహాసమే చెప్పినది. కురుక్షేత్రమున ఎదురులేని అర్జునుడు, కృష్ణ నిర్యాణము తరువాత, యాదవ స్త్రీలను తోడుకొని వచ్చుచు దారిలో ఆభీరుల చేతిలో ఓడెను. గాండీవము అదియే, చేతులు అవియే, ప్రక్కన నుండవలసినవాడు లేడు. రహీం గారి తరువాత మన ఫుట్ బాల్ కథయు ఇట్లే నడచెను. 1962 నాటి ఆసియా స్వర్ణము, 2023లో జరిగిన క్రీడల వఱకును మరల మన యింటికి రాలేదు. హైదరాబాదు పూర్వవైభవము వృద్ధుల ముచ్చటలలో మిగిలినది. ఒక్క గురువు మీదనే భారమంతయు మోపి, ఆయన వంటి పదిమందిని తయారుచేయకపోవుట ఇందుకొక ముఖ్య కారణమని నా తలంపు. మంచి చెట్టు ఒక్కటి యున్నదని తోటవాడు సంతోషించి ఊరకుండడు. అది బలముగా నున్నపుడే దానినుండి అంట్లు కట్టి నాటును.

పెద్దలారా, గ్రామసభలలో మీ మాటకు విలువ కలదు. బడికి గదులు కట్టుటకు చోటు వెదకునపుడు ఆటస్థలమే మొదట కంటికి అగపడును. ఆ నేలను తీసికొనక పిల్లలకు విడువుడు. వ్యాయామము నేర్పు పంతులను, లెక్కలు చెప్పు పంతులతో సమానముగ మన్నింపుడు. కప్పులు వచ్చునో రావో మనము చెప్పలేము. కాని పదిమందితో కలిసి ఆడుటయు, ఓడినవాడు మఱునాడు మరల బరిలో దిగుటయు నేర్చిన పిల్లలు మన యూళ్లలో పెరుగుదురు. అపరాజిత యను పేరు నేను వారికే యిత్తును.

సెలవు.