మళ్ళీ వచ్చిన రైలు, కొత్త రథం

ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి గౌతమి దాటితే కోటిపల్లి. అక్కణ్ణించి కాకినాడకి 45 కిలోమీటర్ల రైలుమార్గం. దాన్ని మొదట వేసింది 1928లో. రెండో ప్రపంచయుద్ధం రావడంతో 1940లో పట్టాలు పీకేశారు. తిరిగి రైలు నడిచింది 2004లో. మా వైపు పెద్దవాళ్ళు దీన్ని "రైలు మళ్ళీ వచ్చింది" అనే చెబుతారు. కొత్త రైలు వచ్చిందనరు.

ఏది మళ్ళీ వచ్చినట్టు? పట్టాలు అవి కావు, స్లీపర్లు అవి కావు. బొగ్గింజను పోయి డీజిలు రైలుబస్సు వచ్చింది. థీసియస్ ఓడ కథలో పలకలు ఒక్కొక్కటే మారాయి గానీ, ఓడ రేవులో లేని రోజంటూ లేదు. సాఫ్ట్‌వేరు వాళ్ళకి ఇది రోజూ ఉండేదే: పదేళ్ళలో ప్రతి లైనూ మారిపోయినా ప్రోగ్రాము పేరు అదే. కోటిపల్లి సంగతి వేరు. ఇక్కడ మధ్యలో 64 ఏళ్ళు అసలు రైలే లేదు.

హాబ్స్ 1655లో ఆ కథకి ఇంకో మెలిక పెట్టాడు: తీసేసిన పాత పలకలతో ఎవరైనా మరో ఓడ కడితే, అసలుది ఏది? మన పట్టాలు కూడా ఎక్కడో మళ్ళీ పరిచారనుకుందాం. కోటిపల్లి లైను అక్కడుందని ఎవరూ అనరు. రైలుమార్గమంటే ఇనుము కాదు, రెండు ఊళ్ళ మధ్య రాకపోకలని ఎవరూ చెప్పకుండానే మనకి తెలుసు.

మరి రథం? 2020 సెప్టెంబరు 5 రాత్రి అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి రథం కాలిపోయింది. ఆరు దశాబ్దాల నాటి టేకు రథం. ఆందోళనలు రేగాయి, ప్రభుత్వం సీబీఐ విచారణ కోరింది. 2021 ఫిబ్రవరి 19న, రథసప్తమినాడు, కొత్త రథాన్ని ప్రారంభించారు. దేవుడు అదే, ఉత్సవం అదే, లాగే వీధీ అదే. అయినా అందరూ "కొత్త రథం" అనే అన్నారు.

రథమంటే చక్రాలూ ఇరుసూ కలిసినదానికి పెట్టుకున్న పేరేనని మిళిందుడితో నాగసేనుడు వాదించాడు. వైశేషికులు ఒప్పుకోరు. అవయవాలు వేరు, అవయవి వేరు. బట్టలోంచి ఒక్క పోగు లాగినా పాత బట్ట నశించి ఇంకో బట్ట పుడుతుందంటారు. ఆ లెక్కన చక్రం మార్చిన ప్రతిసారీ రథం కొత్తదే. వడ్రంగి ఎవరూ ఇలా బిల్లు రాయడు!

నాకు తోచింది ఇది. రథం మసైపోవడం జనం కళ్ళారా చూశారు. ఆ కర్రకి పసుపూ కుంకుమా పెట్టినవాళ్ళు, దాని మోకు పట్టినవాళ్ళు బతికే ఉన్నారు. "అదే రథం" అంటే ఆ పోయినదాన్ని కాదన్నట్టవుతుంది. పాత రైలెక్కినవాళ్ళు 2004 నాటికి ఎంతమంది మిగిలారు? పోయిన సంగతి గుర్తున్నచోట "కొత్త" అన్నాం, మరుపున పడినచోట "మళ్ళీ" అన్నాం. రైలు లేక బస్సుల్లో, పడవల్లో గడిచిపోయిన రెండు తరాలని ఆ ఒక్క మాట మింగేసింది. అందుకే అంతర్వేది వాళ్ళ మాటే నాకు నిజాయితీగా కనిపిస్తుంది.

కోటిపల్లి నుంచి నర్సాపురానికి లైను పొడిగించడానికి గౌతమిలో వంతెన స్తంభాలు లేచాయి. ఆ రైలు నడిచిన రోజున, అవతలి ఒడ్డున ఎక్కినవాళ్ళకి అది మళ్ళీ వచ్చిన రైలే. మా ఒడ్డుకి మాత్రం మొట్టమొదటిది.