తెరవెనుక పనివారు

కన్యాశుల్కము చూచినవారెవ్వరును పూటకూళ్లమ్మ చీపురుకట్టను మరువరు. మధురవాణి యింట మంచము క్రింద రామప్పంతులు ముందే దాగియుండును. గిరీశమును అచ్చోటికే దూరును. గిరీశమునకు తగులవలసిన దెబ్బ పంతులునకు తగులును. సభ యంతయు విరుగబడి నవ్వును. ఆ మంచము ఇద్దరు పట్టునంత యెత్తుగా నుండవలెననియు, చీపురు సరియైన ప్రక్కతెర చాటున చేతికందునట్లు ఉండవలెననియు తెర లేవకమునుపే చూచుకొన్నవా డొకడు కలడని ఆ నవ్వులో ఎవ్వరికి తోచును?

1892వ సంవత్సరమున విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారు ఈ నాటకమును మొదట ప్రదర్శించిరి. గురజాడ అప్పారావుగారు రచించిరి. ఆనందగజపతి మహారాజు ఆదరించిరి. 1897లో అచ్చుపడిన కృతి మహారాజుగారికే అంకితము. కృతికి వెనుకనున్న లెక్కయు చదువరు లెరిగినదే. మహారాజుగారు విశాఖపట్టణ మండలమున సేకరింపించిన పట్టికలో మూడేండ్లకు 1,034 కన్యాశుల్క వివాహములు తేలెను. అందు 99 మంది పెండ్లికూతుండ్ర వయస్సు అయిదేండ్లు. ఇంతటి ఘోరమును నవ్వించుచు చూపదలచిన కవికి రంగస్థలమే ఆయుధము. ఆ ఆయుధమునకు పదును పెట్టిన చేతులను గూర్చి మన నాటకచరిత్రలు సాధారణముగా మాటలాడవు. కవిని, పోషకుని, నటుని కీర్తించి ఊరకుండును.

ప్రాచీనులు ఇంత కృతఘ్నులు కారు. నాట్యశాస్త్రమున భరతముని నాటకబృందమును పేర్కొనుచు, సూత్రధారుని, నటుని, విదూషకుని చెప్పి చాలించుకొనలేదు. కిరీటములు చేయువానిని, ఆభరణములు కూర్చువానిని, మాలలు కట్టువానిని, వేషకారుని, చిత్రకారుని, రజకుని, పనిముట్లు చేయు శిల్పిని అదే వరుసలో నిలిపెను. బట్టలుతుకువాడును నాట్యబృందములోనివాడే! నేపథ్యమునకు మిత్రుడను దేవత కావలి యట. వేదికకు అగ్ని కావలి యట. తాటాకు పందిళ్లలో నూనెదీపముల నడుమ ఆడిన మనవారిని ఈ రెండవ కావలి ఎంత భయపెట్టియుండునో! ఇక సూత్రధారుడన్న పేరునకు సూత్రమును చేతబట్టినవాడని అర్థము. రంగనిర్వాహకుని పని సగము ఆ పేరిలోనే కలదు. కాని మనము చదువుకొను నాటకములలో అతడు నాందికి పిమ్మట నటితో నాలుగు మాటలాడి వెడలిపోవువాడుగా మిగిలెను.

శాస్త్రమున నున్న ఆ రజకుడు మన పల్లెలలో ఏమయ్యెనో చూతము. శ్రీకాకుళ విజయనగర ప్రాంతములలో తూర్పు భాగవతము ప్రసిద్ధము. అందు భామాకలాపము ప్రధానమైన కథ, మద్దెల ప్రధానమైన వాద్యము. విద్యుద్దీపములు లేని నాటి వీధి ఆటలలో తెర యనగా ఇద్దరు పట్టుకొన్న బట్ట, దీపమనగా కాగడా. పాత్ర ప్రవేశించు వేళ కాగడాపై గుగ్గిలపు పొడి చల్లగా భగ్గున మంట లేచును. ఆ వెలుగులో సత్యభామ సాక్షాత్కరించును. ఊళ్లలో కాగడా పట్టుట తరచుగా చాకలివారికి విధింపబడిన ఊడిగము. దానిని కళగా నెన్నినవారు లేరు. అయినను వెలుగు నెప్పుడు ముఖమునకు దగ్గర చేయవలెనో, ఎప్పుడు వెనుకకు తీయవలెనో, గాలికి మంట ఎటు వాలునో తెలియనివాడు తెల్లవారుదాక ఆ పని చేయజాలడు. నేడు నాటకశాలలో దీపనిర్వాహకుడు మీట నొక్కి చేయునది ఇదియే కదా. భరతుడు బృందమున చేర్చిన మనుష్యుని మనము బృందమునుండి తొలగించి, పనిని మాత్రము పుచ్చుకొంటిమి.

1880లో ధార్వాడ నాటక సమాజమువారు తెలుగుదేశమున సంచరించిరి. రాజమహేంద్రవరమున వారు ఆడి విడిచిన పాకలలోనే వీరేశలింగము పంతులుగారు విద్యార్థులచేత తమ నాటకములను ఆడించిరి. మన నవీన రంగస్థలమునకు తొలి ఆశ్రయమిచ్చినది పాక వేసిన కూలివాని చేయి యనుట అతిశయోక్తి కాదు.

పౌరాణిక నాటకమున పొరపాటును పద్యము కప్పిపుచ్చును. గద అందుట ఆలస్యమైనచో భీముడు మరియొక రాగము తీయగలడు. సాంఘిక నాటకమునకు ఆ చాటు లేదు. కన్యాశుల్కపు రెండవ కూర్పు 1909లో వెలువడినది, ఏడంకముల మహాగ్రంథము. బొంకులదిబ్బనుండి అగ్రహారములకు, అచ్చటినుండి విశాఖపట్టణమునకు కథ పరుగిడును. బొంకులదిబ్బను ప్రతిదినము త్రొక్కువారే ఎదుట కూర్చుండి చూచునప్పుడు తెరపై చిత్రకారుని కుంచె అబద్ధమాడుటకు వీలు లేదు. మధురవాణి కంటె పెండ్లికూతురి మెడ కెక్కి, పెండ్లికూతురితో గూడ మాయమై, తగవులు పెట్టును. ఆ కంటె ఒక్క రంగమున కనబడకున్న కథయే నిలిచిపోవును.

పురుషులే స్త్రీపాత్రలు ధరించు నాటి సమాజములలో వేషకారుని చిక్కు చెప్పనలవి కాదు. కరటకశాస్త్రి శిష్యుడు ఆడుపిల్లయై లుబ్ధావధానులకు పెండ్లికూతురగును. కడపట మధురవాణి మగవేషమున సౌజన్యారావు పంతులు నొద్దకు వచ్చును. అనగా మగవాడు ఆడుదియై, ఆ ఆడుది మరల మగవాడు కావలెను! శిష్యుని మోసము సభకు తెలియవలెను, అవధానులకు తెలియరాదు. మగబట్టలలోనుండి మధురవాణి ఎంత తొంగిచూడవలెనో అద్దము ముందర రంగు పూయువాడే నిర్ణయించును.

ఈ పనులన్నిటిని ఒక్క త్రాట కట్టువాడు రంగనిర్వాహకుడు. అభ్యాసములనాడే నాటకప్రతిలో ప్రవేశములు, నిష్క్రమణములు, దీపముల మార్పులు గుర్తించుకొనును. ఏ వస్తువు ఏ రంగమున ఎవరి చేతికి పోవలెనో పట్టిక వ్రాయించి, దాని నొక సహాయకునకు అప్పగించును. మొదటి గంట మ్రోగునప్పటికి వేషములు ముగియవలెను. రెండవ గంటకు పాత్రధారులు తమ తమ తావులకు చేరవలెను. మూడవ గంటకు తెర. మాట అందించువాడు అతని కుడిభుజము. గద్యనాటకమున ఏది విరామమో, ఏది మరుపో గుర్తెరుగుట సామాన్యము కాదు. గిరీశము చుట్ట కాల్చుచు ఆగినపుడు తొందరపడి మాట అందించెనా, నటుని శ్రమ గంగపాలు. ఇక వన్స్‌మోర్ కేకలకు లొంగని నిర్వాహకుడు దొరకుట మరియు దుర్లభము. అట్టివానికి నటులలో మిత్రులుండరు.

1885లో కడప మండలమందలి సురభి గ్రామమున కీచకవధతో పుట్టిన సురభివారిలో నటుడు వేరు, పనివాడు వేరు అను భేదము కానరాదు. కుటుంబమే సమాజము. ఇప్పుడు రాజైనవాడు మరికొంతసేపటికి తీగ లాగును, తీగ లాగినవాని బిడ్డ బాలపాత్ర ధరించును. వారి మాయాబజారు మాయలు తండ్రినుండి కొడుకునకు సంక్రమించిన పనితనము. ఉద్యోగులును విద్యార్థులును వినోదార్థము కూడు పట్టణపు సమాజములలో మాత్రము వేషము కట్టుట మర్యాద, తెర లాగుట కూలి. నేను చూచిన యొక ప్రదర్శన పత్రికలో కుర్చీలు ఎరువిచ్చినవారికి సైతము కృతజ్ఞతలు కలవు. తెర లాగినవాని పేరు లేదు.

విజయనగరమున మరల కన్యాశుల్కము నాడబోవువారు పాత్రధారుల పట్టికకు దిగువ, రంగు పూసినవాని పేరును, దీపము చూచినవాని పేరును, పూటకూళ్లమ్మ చేతికి చీపురందించినవాని పేరును అచ్చు వేయింతురు గాక. అచ్చుకూలి రెండు పంక్తులకు మించి పెరుగదు.