కొమ్ముకోనం లాక్కుపోయిన పొద్దు

2025 జులై 2, బుధవారం. అనకాపల్లి జిల్లా పూడిమడక నుంచి నలుగురు మత్స్యకారులు తెల్లారకముందే వేటకు బయల్దేరారు. అందులో ఇద్దరు అన్నదమ్ములు. వేట నిషేధం జూన్ 14తో ముగిసింది. రెండు నెలలు పడవలు ఒడ్డునే ఉన్న ఊరికి ఇవి నాలుగు రాళ్లు చేతికొచ్చే రోజులు.

పొద్దెక్కింది. నడిసంద్రంలో గేలానికి ఏదో తగిలింది. తాడు బిర్రుగా బిగిసింది. అన్నదమ్ముల్లో ఒకడైన 26 ఏళ్ల యువకుడు తాడందుకుని లాగడం మొదలుపెట్టాడు. పడింది కొమ్ముకోనం.

బజారులో మనం ముక్కలు కొట్టించుకునే వంజరాన్ని ఉత్తరాంధ్ర జాలర్లు కోనం అంటారు. దానికి ఒంటిమీద నిలువు చారలుంటాయి, కొమ్ముండదు. కొమ్ముకోనానిది వేరే జాతి; పైదవడ ఈటెలా ముందుకు సాగి ఉంటుంది. కొమ్ముకోనాల్లో ఒకటైన నల్ల మార్లిన్‌ను పోల్చుకోవాలంటే మొప్పల వెనకాలి రెక్కలు చూడాలి. ఎంత నొక్కినా అవి ఒంటికి ఆని మడత పడవు. 1953లో పెరూ తీరంలో గేలానికి చిక్కిన నల్ల మార్లిన్ 707 కిలోలు తూగింది. నేటికీ అదే ప్రపంచ రికార్డు. సరదా వేటగాళ్లకు పడవలో బిగించిన కుర్చీ, చేప గుంజితే దారం వదిలే రాట్నం ఉంటాయి. పూడిమడక కుర్రాడికి ఉన్నవి రెండు చేతులే.

అతను ఇటు లాగాడు. చేప అటు గుంజింది. రెప్పపాటులో తాడుతో పాటే మనిషి నీళ్లలో పడ్డాడు. తోబుట్టువు కళ్లముందే సముద్రం అడుగుకు వెళ్లిపోయాడు. పడవలోని ముగ్గురూ వెతికారు. ఒడ్డుకు కబురందాక మరికొన్ని పడవలు వెళ్లి గాలించాయి. ఆ రోజు అతని జాడ దొరకలేదు.

ఇలాంటి ప్రమాదం ఆ తీరానికి కొత్త కాదు. 2022 ఫిబ్రవరిలో పరవాడ మండలం ముత్యాలమ్మపాలెం మత్స్యకారుడొకరు కొమ్ముకోనం పొట్టలో పొడవడంతో చనిపోయాడు.

వేటకెళ్లే అన్నలారా, తమ్ములారా! తాడు చేతికి చుట్టుకోకండి. కాళ్ల దగ్గర పోగుపడనివ్వకండి. కోసేందుకు కత్తి చేతికందేలా పెట్టుకోండి. కొమ్ము కనబడి, తాడు మీ పట్టు తప్పుతోందంటే తెగ్గొట్టేయండి. చేప ఇవాళ పోతే రేపు పడుతుంది.